ప్రతుల సంఖ్య, ప్రతుల స్వతంత్రత: బ్లాక్‌చెయిన్ భాండాగారాల వ్యయచరిత్ర (1991–2025)

ఒక కావ్యానికి ఎన్ని తాళపత్ర ప్రతులు లభిస్తే దాని పాఠం అంత భద్రమని పైకి అనిపిస్తుంది. పాఠపరిష్కరణలో చేయి తిరిగిన పండితులు ఈ మాటను అంత తేలికగా ఒప్పుకోరు. ఒకే మాతృకను చూసి రాసిన పది ప్రతులకు సాక్ష్యంగా ఒక్క ప్రతికున్న విలువే ఉంటుంది. మాతృకలో జారిపోయిన పాదం ఆ పదింటిలోనూ జారిపోయే ఉంటుంది. వేరొక సీమలో, వేరొక వ్రాయసగాడి చేతిలో, మరో శాఖకు చెందిన మాతృక నుండి దిగిన శిథిల ప్రతి ఒక్కటి దొరికితే ఆ పాదం బయటపడవచ్చు. సి.పి. బ్రౌన్ తన జీతం నుండి పండితులకూ వ్రాయసగాళ్లకూ వేతనాలిచ్చి ఒక్కొక్క కావ్యానికి పలుచోట్ల నుండి ప్రతులు తెప్పించి, పోల్పించి, శుద్ధప్రతులు రాయించటంలోని ఆంతర్యం ఇదే. ఆ పనిలో ఆయన అప్పులపాలయిన సంగతి కూడా మరువరానిది. ప్రతులు కావాలంటే ఖర్చు కావాలి. స్వతంత్రమైన ప్రతులు కావాలంటే ఇంకా ఎక్కువ ఖర్చు కావాలి.

ఇదే సమస్య ఇటీవలి కాలంలో బ్లాక్‌చెయిన్ అన్న పేరుగల కంప్యూటర్ వ్యవస్థల్లో కొత్త రూపంతో తలెత్తింది. లావాదేవీల వివరాలను కట్టలుగా పేర్చి, ప్రతి కట్టలోనూ దాని వెనుకటి కట్ట తాలూకు గణితముద్రను చేర్చి, అలా ఏర్పడిన గొలుసు ప్రతిని వేలాది కంప్యూటర్లలో ఉంచటం ఈ వ్యవస్థ స్వరూపం. రాగిరేకులన్నింటినీ ఒకే కడియానికి గుచ్చి, కడియం కొసలను రాజముద్రికతో బిగించిన దానశాసనాల ఏర్పాటుతో దీనికి పోలిక ఉంది. నడుమ ఒక రేకును మార్చాలంటే ముద్ర పగలాలి. అయితే శాసనం ఒక్క దానగ్రహీత ఇంట ఉండేది. గొలుసు ప్రతి ఇంటా ఉండాలని బ్లాక్‌చెయిన్ రూపకర్తలు సంకల్పించారు. ఆ సంకల్పం ఎంతవరకు నిలిచింది, ప్రతులను దాచే ఖర్చు ఎవరి నెత్తిన పడింది, ఎవరు ఆ బరువును దింపుకున్నారు అన్న చరిత్రకు పరిమితమైనది ఈ వ్యాసం. ఆ నాణేల బజారు ధరల చర్చ దీని పరిధిలోనిది కాదు.

ముద్ర, పత్రం

ఈ చరిత్రకు మొదలు 1991లో కనిపిస్తుంది. అమెరికాలోని బెల్‌కోర్ పరిశోధనశాలలో పనిచేస్తున్న స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెటాలు డిజిటల్ పత్రానికి కాలముద్ర వేయటం ఎలాగన్న అంశంపై ఒక పరిశోధన పత్రం ప్రకటించారు. నమ్మకమైన ఒక సంస్థకు పత్రాన్ని పంపితే, అది తేదీ వేసి ఒక నకలును తన వద్ద దాచుకోవటం అందరికీ తోచే మార్గం. వారు మొదట ఆ మార్గాన్నే పరీక్షించి, దానికి నాలుగు చిక్కులు చూపారు. గోప్యత పోతుంది, పత్రాలను పంపటం, దాచటం భారమవుతుంది, సంస్థ చేతిలో పత్రం పాడైపోవచ్చు, సంస్థే మోసం చేయవచ్చు. వీటిలో రెండవది ప్రస్తుత చర్చకు ప్రధానం. దాచటానికయ్యే ఖర్చు ఈ శాస్త్రం పుట్టినప్పుడే దాని ముందు నిలిచిన ప్రశ్న అన్నమాట.

వారి పరిష్కారం పత్రాన్ని పంపనక్కరలేకుండా చేసింది. పత్రం ఎంత పెద్దదైనా గణితప్రక్రియ ద్వారా దాని నుండి చిన్న సంఖ్య ఒకటి రాబట్టవచ్చు. హ్యాష్ అని పిలిచే ఈ సంఖ్య పత్రంలో ఒక్క అక్షరం మారినా పూర్తిగా మారిపోతుంది. పంపవలసింది ఆ ముద్ర ఒక్కటే. ఒక ముద్రలో మరొక ముద్రను ఇముడుస్తూ పోతే గొలుసు తయారవుతుంది. తరువాత డేవ్ బేయర్‌తో కలిసి వారు రాసిన పత్రంలో, రాల్ఫ్ మెర్కిల్ రూపొందించిన వృక్షాకార పద్ధతితో అనేక పత్రాల ముద్రలను ఒకే ముద్రగా కుదించే ఉపాయం చేరింది. ఈ పరిశోధన ఆధారంగా ఏర్పడిన ష్యూరిటీ సంస్థ 1995 నుండి వారానికొక ముద్రను న్యూయార్క్ టైమ్స్ పత్రిక ప్రకటనల పుటల్లో అచ్చు వేయించసాగింది.

ఆ చిన్న ప్రకటన ఆర్థికంగా ఎంత చమత్కారమైనదో గమనించాలి. ప్రకటన రుసుము తప్ప ష్యూరిటీకి వేరే ఖర్చు లేదు. పత్రిక ప్రతులు లక్షల ఇళ్లకు వెళతాయి. గ్రంథాలయాలు వాటిని బైండు చేసి, మైక్రోఫిల్ముకెక్కించి తమ ఖర్చుతో భద్రపరుస్తాయి. వాటిని దాచేవారికి తాము ఒక ముద్రను దాస్తున్నామన్న ఎరుక కూడా లేదు. ష్యూరిటీతో ఏ సంబంధమూ లేని చేతుల్లో ప్రతులున్నాయి గనుక వాటి స్వతంత్రతకు లోటు లేదు.

కాని అక్కడ భద్రమైనది ముద్ర. పత్రం కాదు. పత్రాన్ని దాచుకోవలసిన బాధ్యత దాని యజమానిదే. అతని కంప్యూటర్ తగలబడితే పత్రికలో అచ్చయిన సంఖ్య నుండి పత్రాన్ని తిరిగి రాబట్టే మార్గం లేదు. రేకులు కరిగిపోయి ముద్రిక మాత్రం మిగిలిన శాసనం వంటిదది. మార్పును పట్టుకోవటం, నష్టాన్ని పూడ్చటం వేరువేరు పనులు. బ్లాక్‌చెయిన్‌లో దాచినది ఎన్నటికీ పోదన్న ప్రచారంలో ఈ భేదం తరచు మరుగున పడుతుంది.

చిట్టా భారం

సతోషి నకమోతో అన్న మారుపేరుతో 2008 అక్టోబరు 31న వెలువడిన బిట్‌కాయిన్ ప్రతిపాదనలో ఎనిమిది ఉల్లేఖాలుంటే వాటిలో మూడు హేబర్, స్టోర్నెటాల రచనలే. గొలుసు వారిదే. అయితే నకమోతో ఒక పెద్ద మార్పు చేశాడు. వారు ముద్రను మాత్రమే పంచితే, అతడు పాఠం మొత్తాన్ని పంచాడు. లావాదేవీలన్నింటి ప్రతి, పాల్గొనే ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంటుంది. నోడు అనబడే ఈ కంప్యూటర్ తొలి కట్ట నుండి నేటి కట్ట వరకు తానే సరిచూసుకుంటుంది. మరొకరి మాట నమ్మవలసిన పని లేదు.

దీనికయ్యే స్థలం సంగతి రచయితకు తెలియనిది కాదు. ప్రతిపాదనలోని ఒక విభాగం పూర్తిగా డిస్కు స్థలం గురించినదే. కట్ట శీర్షిక సుమారు 80 బైట్లు; పది నిమిషాలకొక కట్ట చొప్పున ఏడాదికి 4.2 మెగాబైట్లు, కాబట్టి చింత అక్కరలేదన్నది అందులోని లెక్క. ఆ లెక్కలో శీర్షికలే ఉన్నాయి, లావాదేవీలు లేవు. ఖర్చయిపోయిన పాత లావాదేవీలను వృక్షంలోని కొమ్మలు నరికినట్లు తొలగించవచ్చునని ఆ విభాగం చెబుతుంది. అంటే, చరిత్రను ఎవరో ఒకరు వదిలివేస్తారన్న ఊహ మూలప్రతిపాదనలోనే ఉంది. ఆ ప్రతిపాదన చదివి, ఇది పెద్ద సంఖ్యలో లావాదేవీలకు చాలదని జేమ్స్ డొనాల్డ్ వెంటనే ఆక్షేపించాడు. దానికి జవాబుగా, వ్యవస్థ పెరిగేకొద్దీ పూర్తి నోడులను నడిపే పని పెద్ద సర్వర్లున్న నిపుణుల చేతికి పోతుందని నకమోతో అంగీకరించాడు. ప్రతి ఇంటా ప్రతి అన్న ఆదర్శం అనంతరకాలపు అనుచరులకు ప్రాణప్రదమైనంతగా దాని కర్తకు కాలేదేమో అనిపిస్తుంది.

తొలి కట్ట 2009 జనవరి 3న పుట్టింది. 2010లో నకమోతోనే కట్ట పరిమాణాన్ని ఒక మెగాబైటుకు పరిమితం చేశాడు. ఏడాదికి 52,560 కట్టలు గనుక ఆ పరిమితి కింద పూర్తిగా నిండినా పెరుగుదల సుమారు 52 గిగాబైట్లను మించేది కాదు. ఈ పరిమితిని పెంచాలా వద్దా అన్న వివాదం 2015 నుండి 2017 దాకా ఆ సమాజాన్ని రెండుగా చీల్చింది. గావిన్ ఆండ్రెసెన్, మైక్ హెర్న్ వంటివారు ఎనిమిది మెగాబైట్లతో మొదలుపెట్టి క్రమంగా పెంచాలన్నారు. కట్ట పెద్దదైతే సామాన్యుడి ఇంటి కంప్యూటర్ ఆ బరువు మోయలేదని, ప్రతులు పెద్ద సంస్థల వద్దే మిగులుతాయని ఎదుటిపక్షం వాదించింది. 2017 ఆగస్టు 1న బిట్‌కాయిన్ క్యాష్ వేరు పడింది. పైకి వేగం, రుసుముల చుట్టూ నడిచినట్లున్న ఈ కలహం లోతున భాండాగారం గురించినదే. చరిత్ర ప్రతిని దాచే హక్కు ఎంత చవకగా ఉండాలన్నది అసలు ప్రశ్న.

హక్కు అన్నప్పటికీ అది ప్రతిఫలం లేని శ్రమ. కొత్త కట్టలను తయారుచేసేవారికి కొత్త నాణేలు, రుసుములు దక్కుతాయి. పాత కట్టలను దాచి, అడిగిన కొత్తవారికి అందించే నోడుకు ఏమీ దక్కదు. దక్షిణాది గ్రామాల్లో చెరువు పూడిక తీయటానికి ఇంటికొక మనిషి చొప్పున వెళ్లే కుడిమరామతు వంటి ఏర్పాటిది. నీరు అందరిదీ అయినప్పుడు పార పట్టేవారు తగ్గుతారు. 2015 జూలైలో వెలువడిన బిట్‌కాయిన్ కోర్ 0.11 రూపంలో పాత కట్టలను తుడిచివేసే సౌకర్యం వచ్చింది. చరిత్రంతా ఒకసారి దించుకుని, సరిచూసి, చివరి 550 మెగాబైట్ల మేర ఉంచుకుని మిగిలినది చెరిపివేయవచ్చు. అటువంటి నోడు సరిచూడటంలో ఎవరికీ తీసిపోదు. కాని కొత్తగా వచ్చినవాడు 2012 నాటి కట్ట ఇమ్మని అడిగితే ఇవ్వలేదు. చదివి తలకెక్కించుకుని గ్రంథాన్ని తిరిగి ఇచ్చివేసిన పండితుడి స్థితి దానిది. 2024 నాటికి పూర్తి గొలుసు 500 గిగాబైట్లు దాటింది. నేటి డిస్కుల ధరల్లో అదేమంత బరువు కాదన్నది నిజమే. చిన్న కట్టలు కోరిన పక్షం వాదానికి కాలం ఇచ్చిన బలం అది.

ఆవర్జా భారం

2015 జూలై 30న మొదలైన ఇథీరియం వద్ద ఈ చరిత్ర మలుపు తిరిగింది. ఆ మలుపును వివరించటానికి తెలుగు వర్తకుల లెక్కల పరిభాష బాగా అమరుతుంది. ఏ రోజు లావాదేవీలను ఆ రోజు వరుసగా రాసేది చిట్టా. ఖాతాల వారీగా ఎవరికెంత నిల్వ ఉన్నదో చూపేది ఆవర్జా. చిట్టా ఉంటే ఆవర్జాను ఎప్పుడైనా తయారు చేసుకోవచ్చు. ఆవర్జా ఒక్కటే ఉంటే చిట్టాను తిరిగి రాబట్టలేము. బిట్‌కాయిన్ గొలుసు ప్రధానంగా చిట్టా. ఇథీరియంలో ఖాతాలు, వాటిలో నడిచే ఒప్పంద ప్రోగ్రాములు, ఆ ప్రోగ్రాముల లోపలి విలువలు కలిసి పెద్ద ఆవర్జా ప్రతి కట్టతోనూ మారుతూ ఉంటుంది.

సాధారణ పూర్తి నోడు చిట్టా మొత్తాన్నీ, ఇటీవలి ఆవర్జాలను కొన్నింటినీ ఉంచుతుంది. ఆర్కైవ్ నోడు ప్రతి కట్ట ముగిసిన నాటి ఆవర్జాను కూడా ఉంచుతుంది. 2018లో ఫలానా రోజున ఫలానా ఖాతాలో నిల్వ ఎంత అన్న ప్రశ్నకు వెంటనే జవాబివ్వాలంటే ఇది కావాలి. పన్ను లెక్కలు చూసేవారికి, నేరపరిశోధకులకు, ఈ రంగపు చరిత్రకారులకు దీనితోనే పని. గెత్ అన్న ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్ పాత పద్ధతిలో ఈ నోడును నిలపటానికి 12 టెరాబైట్లకు మించిన స్థలం కావలసి వచ్చింది. ఎరిగాన్ అన్న మరో సాఫ్ట్‌వేర్ ప్రతి కట్టకూ పూర్తి వృక్షాన్ని దాచే బదులు మారిన విలువలనే బల్లపరుపుగా రాసుకుని, అదే సమాచారాన్ని 3 టెరాబైట్ల పరిసరాలకు కుదించింది. ఒకే విషయం, నాలుగో వంతు స్థలం. డిస్కు ధర తగ్గుతుందని ఎదురుచూడటం కంటె రాసే పద్ధతిని మార్చటం వల్ల కలిగిన ఆదా ఇక్కడ ఎక్కువ.

ఇక్కడొక వివేకం అవసరం. ఆర్కైవ్ నోడులోని అధికభాగం తిరిగి లెక్కగట్టి తెచ్చుకోదగినదే. చిట్టా భద్రంగా ఉంటే కాలం, విద్యుత్తు వెచ్చించి పాత ఆవర్జాలను మళ్లీ తయారు చేయవచ్చు. భారతాంధ్రీకరణకు పదసూచిక తయారుచేసి పెట్టుకున్నట్లిది. సూచిక పోతే శ్రమ పోతుంది, గ్రంథం పోదు. కాబట్టి చిట్టాకు పది స్వతంత్ర ప్రతులుండటం న్యాయమైతే ఆవర్జాల భాండాగారానికి రెండో మూడో చాలు. చాలా సంస్థలు ఈ రెంటినీ ఒకే గాటన కట్టి, అన్నింటికీ ఒకే సంఖ్యలో ప్రతులు నిలిపి, ఖరీదైన వేగపు డిస్కులపై డబ్బు పోసే పొరపాటుకు లోనవుతాయి.

ఆ భారం ఎంత త్వరగా పెరగగలదో 2016 సెప్టెంబరులో తెలిసింది. షాంఘైలో ఇథీరియం సమావేశం మొదలయ్యే వేళకే గెత్‌లోని లోపాన్ని ఆసరా చేసుకుని ఎవరో నోడులను కూల్చసాగారు. జ్ఞాపకశక్తి చాలక గెత్ నోడులు పడిపోతుంటే, వేరే బృందం వేరే భాషలో రాసిన ప్యారిటీ సాఫ్ట్‌వేర్ నడిపే నోడులు నిలబడి గొలుసును సాగనిచ్చాయి. సంఖ్యలో ప్యారిటీ ప్రతులు తక్కువే. శాఖ వేరు కావటం వల్ల అవి పనికివచ్చాయి. దాడి చేసినవారు ఆ తరువాతి వారాల్లో అతి చౌకగా లక్షలాది ఖాళీ ఖాతాలు సృష్టించి ఆవర్జాను ఉబ్బించారు. ఒకడు కొద్దిపాటి రుసుము చెల్లించి, ఆ చెత్తను వేలాది నోడుల చేత శాశ్వతంగా మోయించగలిగాడు. రాసేవాడు ఒకసారి చెల్లిస్తాడు, దాచేవాడు ఎల్లకాలం చెల్లిస్తాడు అన్న లోపం ఇంత స్పష్టంగా అంతకుముందు బయటపడలేదు. అక్టోబరు, నవంబరుల్లో రెండు సవరణలు చేసి రుసుములు పెంచి, ఖాళీ ఖాతాలను తుడిచివేశారు.

ఆ రెండవ సవరణ జరిగిన రెండు రోజులకే, 2016 నవంబరు 24న, ఖాళీ ఖాతాల తొలగింపు విషయంలో గెత్, ప్యారిటీలు భిన్నంగా ప్రవర్తించి గొలుసు కొంతసేపు చీలిపోయింది. లోపం గెత్‌లో ఉందని తేలింది. పాఠభేదం కనిపించినప్పుడే లేఖకదోషం బయటపడుతుంది. అన్ని నోడులూ గెత్‌వే అయి ఉంటే భేదమూ ఉండేది కాదు, దోషమూ తెలిసేది కాదు. అయితే శాఖాభేదానికి కూడా మూల్యముంది. 2013 మార్చిలో బిట్‌కాయిన్ 0.8 రూపం పాత డేటాబేసును వదిలి కొత్త డేటాబేసుకు మారినప్పుడు, 2,25,430వ కట్టను కొత్త నోడులు అంగీకరించి పాత నోడులు తిరస్కరించాయి. కొన్ని గంటల పాటు రెండు చరిత్రలు సమాంతరంగా నడిచాయి. చివరికి గని యజమానులను బతిమాలి పాత రూపానికి మళ్లించవలసి వచ్చింది. కొత్త పాఠం తప్పు కాదు, పాతదే పరిమితి గలది. అయినా ఎక్కువమందికి అనుకూలమైన పాఠమే ప్రామాణికమయింది. పాఠపరిష్కర్తలు ఒప్పుకోని తీర్పిది.

అద్దె కొట్లలో ప్రతులు

భారం పెరిగిన కొద్దీ ఎవరి ప్రతి వారు ఉంచుకోవటం తగ్గింది. జేబు ఫోనులోని ధనసంచి ప్రోగ్రాము 12 టెరాబైట్లు మోయలేదు. కాబట్టి అది ఇన్‌ఫ్యూరా వంటి సంస్థ నడిపే నోడును అడిగి తెలుసుకుంటుంది. 2020 నవంబరు 11న ఈ ఏర్పాటులోని బలహీనత బయటపడింది. గెత్ నిర్వాహకులు అంతకుముందే ఒక లోపాన్ని సవరించి, భద్రత దృష్ట్యా దాన్ని ప్రకటించలేదు. ఇన్‌ఫ్యూరా నోడులు కొన్ని పాత రూపంలోనే ఉన్నాయి. ఆ లోపాన్ని తాకే లావాదేవీ ఒకటి రాగానే పాత నోడులు వేరే గొలుసుపైకి వెళ్లిపోయాయి. ఇథీరియం ఆగలేదు; దానిని ఇన్‌ఫ్యూరా కిటికీ గుండా చూసేవారికి ఆగినట్లు కనిపించింది. బైనాన్స్ వంటి వినిమయ కేంద్రాలు చెల్లింపులు కొంతసేపు నిలిపివేశాయి. వేలాది ప్రతులున్న వ్యవస్థలో వాడుకరులకు అందుబాటులో ఉన్నది ఒక్క భాండాగారికుడి ప్రతి.

సాఫ్ట్‌వేర్ వేరైనా, యజమాని వేరైనా, ప్రతులున్న భవనం ఒకటే అయితే మరో చిక్కు. 2022 నవంబరు 2న జర్మనీకి చెందిన హెట్స్నర్ సంస్థ తన నియమాలకు విరుద్ధమంటూ సొలానా గొలుసు సర్వర్లను నిలిపివేసింది. ఆ గొలుసు మొత్తం తాకట్టులో సుమారు ఐదోవంతు ఒక్కసారిగా తెర మరుగయింది. గొలుసు ఆగకపోవటం అదృష్టం. నోడు యజమానులు ఒకరికొకరు తెలియనివారు. చవకైన అద్దె వారినందరినీ ఒకే కొట్టుకు చేర్చింది.

ఖర్చు స్వరూపాన్ని అంకెల్లో చూస్తే ఈ చేరికకు కారణం బోధపడుతుంది. అమెజాన్ సంస్థ అమెరికా తూర్పు ప్రాంతానికి ప్రకటించిన ధరల ప్రకారం వేగపు డిస్కు గిగాబైటుకు నెలకు 0.08 డాలరు. 12 టెరాబైట్లకు నెలకు 960 డాలర్లు. అదే సమాచారాన్ని అరుదుగా తెరిచే శీతల నిల్వలో పెడితే నెలకు సుమారు 12 డాలర్లు. ఎనభై రెట్ల తేడా. అయితే శీతల నిల్వ నుండి నోడు నడవదు. అది మూటగట్టి అటక మీద పెట్టిన ప్రతి. అటక మీది మూటను మరో సంస్థ సర్వరుకు తరలించాలంటే బయటికి పంపే రుసుమే వెయ్యి డాలర్లు దాటుతుంది. దాచటం చవక, తీసుకుపోవటం ప్రియం. భాండాగారం ఒకే అద్దె కొట్టులో చిక్కుకుపోవటానికి ఈ ధరల అమరికే ప్రధాన కారణం. నడిచే ప్రతి ఒకచోట, అటక ప్రతి వేరొక యజమాని వద్ద, మూడవది సొంత డిస్కులో ఉంచిన సంస్థలు నెలవారీ పద్దులో కాస్త ఎక్కువ ఖర్చు చూపినా, ఆ కొట్టు తలుపు మూసిన రోజున నిలబడగలవు.

విస్మృతికి అనుమతి

2021 నవంబరులో ఇథీరియంలో వచ్చిన 4444వ సంఖ్య గల ప్రతిపాదన ఈ చరిత్రలో సాహసవంతమైన అడుగు. ఏడాది దాటిన చరిత్రను అందించే బాధ్యత నుండి నోడులను విముక్తం చేయాలని అది కోరింది. దాని తొలి భాగం 2025 జూలైలో ఆచరణకు వచ్చింది. 2022 సెప్టెంబరు 15కు ముందరి, అంటే ఏకాభిప్రాయ పద్ధతి మారకముందరి కట్టలను నోడులు వదిలివేయవచ్చు. ఒక్కొక్క నోడుకు 300 నుండి 500 గిగాబైట్లు మిగులుతాయి. వదిలిన చరిత్ర ప్రత్యేక కట్టల ఫైళ్లుగా కొన్ని సంస్థల వద్ద, టొరెంటు పంపిణీల్లో ఉంటుంది. 2024 మార్చి 13 నుండి అమలైన మరో సవరణలో బ్లాబ్ అనబడే సమాచారాన్ని సుమారు 18 రోజులే ఉంచే నియమం మొదటినుంచీ ఉంది.

దీనిని ఆదర్శభంగంగా చూసేవారున్నారు. కాని నోడులు వదిలింది పాఠాన్ని, ముద్రను వదలలేదు. ఎక్కడి నుండి తెచ్చిన పాత కట్టనైనా సరైనదో కాదో శీర్షికల గొలుసుతో పోల్చి చెప్పగలవు. భాండాగారికుడిని నమ్మనక్కరలేదు. అతడు జీవించి ఉండి, గ్రంథం ఇవ్వగలిగితే చాలు. 1995 నాటి పత్రికా ప్రకటనలోని స్థితికి ముప్పై ఏళ్ల తరువాత వ్యవస్థ మళ్లీ దగ్గరయింది. ముద్ర అందరి వద్దా, పత్రం కొందరి వద్దా. ఆ కొందరికి జీతం ఎక్కడి నుండి వస్తుందన్నది అప్పటిలాగే మిగిలి ఉంది.

2018లో మొదలైన ఆర్వీవ్ దీనికి నిధి రూపంలో జవాబు చెప్పజూసింది. రాసేవాడు ఒక్కసారి పెద్ద మొత్తం చెల్లిస్తే, నిల్వ ధరలు ఏటేటా తగ్గుతాయన్న అంచనాతో ఆ నిధి నుండి దాచేవారికి నిరంతరం ప్రతిఫలం అందుతుంది. ద్రాక్షారామ శాసనాల్లో అఖండదీపానికి గొర్రెలను ఇచ్చి, బోయలకు అప్పగించి, దినదినం నేయి పోయించే ఏర్పాటు చేసిన దాతల ఆలోచన కూడా ఇదే. మూలధనం పెరుగుతూ ఉండాలి, ఖర్చు నిలకడగా ఉండాలి. మంద తరిగినా, నేయి ధర పెరిగినా దీపం కొండెక్కుతుంది. డిస్కుల ధరలు తగ్గుతాయన్న అంచనా ఇంతవరకు నిజమైంది. ఎల్లకాలం నిజమవుతుందనటానికి ఆధారం లేదు.

తెలుగు నేలపై

తెలుగు ప్రాంతాల్లో ఈ ప్రశ్న భూమి లెక్కల ద్వారా ప్రవేశించింది. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీడన్‌కు చెందిన క్రోమావే సంస్థతో భూమి రికార్డుల ప్రయోగం చేపట్టింది. 2024 సెప్టెంబరు 4న కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ విశ్వస్య పేరుతో బ్లాక్‌చెయిన్ వ్యవస్థను ఆవిష్కరించింది. భువనేశ్వర్, పుణె, హైదరాబాదులలోని జాతీయ సమాచార కేంద్రపు సర్వర్లపై అది నడుస్తుంది. వేలాది ప్రతుల ఖర్చు లేకుండా మూడు ప్రతులతో సరిపెట్టటం పొదుపైన పని. తుఫాను, అగ్నిప్రమాదం ఒకేసారి మూడు నగరాలను తాకవు. అయితే మూడింటి నిర్వాహకుడు ఒకరే, సాఫ్ట్‌వేర్ ఒకటే. ఒకరి పొరపాటు మూడింటా నమోదయ్యే అవకాశం అలాగే ఉంటుంది.

పాత రెవెన్యూ పద్ధతిలో ఈ రక్షణ వేరే విధంగా ఉండేది. గ్రామ లెక్కలు కరణం చేతిలో, తాలూకా లెక్కలు కచేరీలో ఉండేవి. ఏటా జమాబందీలో రెంటినీ ఎదురెదురుగా పెట్టి సరిచూసేవారు. ప్రతులు రెండే, కాని చేతులు వేరు, ప్రయోజనాలు కూడా కొంతవరకు వేరు. కరణాల అక్రమాల గురించి ఎన్ని కథలున్నా, ఆ అక్రమాలు బయటపడిన చోట అవి బయటపడింది ఈ ఎదురుబొదురు పరీక్షలోనే. విశ్వస్య వంటి వ్యవస్థలో ఒక ప్రతిని న్యాయశాఖో, ఒక విశ్వవిద్యాలయమో నడిపితే అదనంగా అయ్యేది ఒక సర్వరు ఖర్చు మాత్రమే.

తెలుగు పరిశోధకులకు మరింత దగ్గరి ఉదాహరణ భారత డిజిటల్ గ్రంథాలయం. ప్రభుత్వ ధనంతో స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాలు ఆ సర్వర్లపై ఉండేవి. 2017 ప్రాంతంలో ఆ వెబ్‌సైటు మూతపడేనాటికి వాటిలో చాలా భాగాన్ని పబ్లిక్ రిసోర్స్ సంస్థ ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చి ఉండటం వల్లనే అవి నేటికీ లభిస్తున్నాయి. అక్కడ గొలుసూ లేదు, ముద్రా లేదు. స్వతంత్రమైన మరో చేతిలో మరో ప్రతి ఉంది. 2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్‌పై దాడి జరిగి అది కొన్ని రోజుల పాటు అందలేదు. ఆ చిరునామాపైనే ఆధారపడిన పరిశోధకులకు ఆ రోజుల్లో సొంత డిస్కుల్లోకి దించుకున్న పుస్తకాలే దిక్కయ్యాయి. ఒక్కొక్క పుస్తకం 30 మెగాబైట్లనుకుంటే పదివేల తెలుగు పుస్తకాలకు 300 గిగాబైట్లు చాలు. బిట్‌కాయిన్ గొలుసు కోసం వేలాదిమంది తమ ఇళ్లలో జీతం లేకుండా మోస్తున్న దానిలో అది సగానికి అటూ ఇటూ. ఆ పదివేల పుస్తకాల ముద్రలను మెర్కిల్ పద్ధతిలో కుదిస్తే మిగిలేది 64 అక్షరాల ఒక్క పంక్తి. దానిని ఏ పత్రికలోనైనా అచ్చు వేయవచ్చు. మూడు విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు మూడు డిస్కులు కొని, వేరువేరు సాఫ్ట్‌వేర్లపై ఉంచి, ఏడాదికొకసారి జమాబందీ వలె సరిచూసుకోవటానికి కావలసిన సాంకేతికత 1995 నుండీ ఉంది.